బ్యాంకాక్‌లో ప్యాడ్ థాయ్: క్యూలో నిలబడాలా, పక్క కొట్టుకి పోవాలా?

బ్యాంకాక్ టికెట్లు బుక్ చేశామని చెప్పడమే ఆలస్యం, ఎవరో ఒకరు థిప్‌సమాయ్ అనే కొట్టు పేరు ఎత్తుతారు, అక్కడ తినకపోతే ప్యాడ్ థాయ్ అనే ఆ వేపుడు నూడుల్స్ తిన్నట్టే లెక్క కాదంటారు. ఇంకొకరు అదంతా టూరిస్టుల హడావుడి, ఏ సందులో బండి దగ్గర తిన్నా అంతకంటే బాగుంటుందని కొట్టిపారేస్తారు. ఇద్దరి మాటలూ విని బుర్ర పాడుచేసుకునే ముందు మూడు సంగతులు తేల్చుకోండి. మీకు ఎలాంటి ప్యాడ్ థాయ్ కావాలి, తిండి కోసం ఎంతసేపు నిలబడే ఓపిక ఉంది, మీ గుంపులో చేప, రొయ్య ముట్టనివాళ్లు ఎవరైనా ఉన్నారా. ఈ మూడోది చాలామందికి టేబుల్ దగ్గర కూర్చున్నాక గానీ గుర్తు రాదు, దాని సంగతి కింద విడిగా చెప్తాను.

ముందు ప్లేటులో ఏముండాలో చూద్దాం. నూడుల్స్ బియ్యప్పిండివి, అందులోనూ సెన్ చాన్ అనే సన్నటి చదును రకం, తూర్పు థాయ్‌లాండ్‌లోని చాంతబురి పేరు మీద వచ్చింది. వేయించేటప్పుడు తెగిపోకుండా, ముద్దవకుండా సాగడం దాని గొప్ప. పులుపు చింతపండుది, తీపి తాటి బెల్లానిది, ఉప్పు ఫిష్ సాస్‌ది. ఎండు రొయ్యలు, గట్టి టోఫూ (సోయా పనీర్) ముక్కలు, ఉప్పులో ఊరబెట్టిన ముల్లంగి తరుగు, గుడ్డు, దించే ముందు పెసర మొలకలు, వెల్లుల్లి వాసనొచ్చే పచ్చ కాడలు, దంచిన వేరుశనగపప్పు. పక్కన నిమ్మ చెక్క, ఇంకొన్ని పచ్చి మొలకలు, పాత పద్ధతి పాటించే చోటయితే ఒక పచ్చి అరటిపువ్వు ముక్క కూడా పెడతారు. అరటిపువ్వంటే మనకి ఆవపెట్టిన కూరే గుర్తొస్తుంది, అక్కడ దాన్ని పచ్చిగానే నూడుల్స్ మధ్య మధ్యలో కొరుక్కుంటారు. ఆ వగరు ఈ తీపికి భలే విరుగుడు, అలంకారం కోసం పెట్టారనుకుని వదిలేయకండి.

చింతపండు విషయంలో తెలుగువాళ్లకి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. పులిహోర గుజ్జు బాగా ఉడికి నూనె తేలితే వచ్చే రుచికీ పచ్చి పులుపు మిగిలిపోతే వచ్చే రుచికీ తేడా ఎలా పట్టేస్తామో, ఇక్కడా అంతే. సాస్ నూడుల్‌కి పట్టుకుని ఉండాలి, ప్లేటు అడుగున నీళ్లలా కారకూడదు. రంగు గోధుమ ఛాయలో, కాస్త ఎరుపు తిరిగి ఉంటే మంచిది. మరీ కెచప్ ఎరుపు కనపడిందా, వంటవాడు చింతపండుకి ఎగనామం పెట్టాడనుకోవచ్చు.

ఒక చిన్న పక్కదారి. ఈ వంటకం మరీ అంత పాతదేమీ కాదు. నూడుల్స్ వేయించడం చైనా నుంచి వలస వచ్చినవాళ్ల విద్య. 1938లో ప్రధాని అయిన ఫిబున్‌సొంగ్‌ఖ్రామ్ 1939లో దేశం పేరుని సయాం నుంచి థాయ్‌లాండ్‌గా మార్పించాడు, ఆ జాతీయవాదపు ఊపులోనే జనం నూడుల్స్ తినాలి, అమ్మాలి అని ప్రభుత్వంతోనే ప్రచారం చేయించాడు. ప్యాడ్ థాయ్ వీధి వీధికీ పాకింది ఆ కాలంలోనే. కాబట్టి ఏ కొట్టువాడైనా మాదే అసలైన రెసిపీ అని బోర్డు పెడితే దాన్ని చూసి ఎంచుకోకండి. తలా ఒక పద్ధతి, అన్నీ అసలైనవే.

ఇక థిప్‌సమాయ్. 1966 నుంచి మహాచాయ్ రోడ్డులో ఉంది, గోల్డెన్ మౌంట్ గుడి (వాట్ సాకేత్) నుంచి నడిచి వెళ్లొచ్చు. ఆ చోటుని ప్రతూ ఫీ అంటారు, అంటే దెయ్యాల ద్వారం. పాత నగరానికి గోడ ఉన్న రోజుల్లో శవాలని ఆ ద్వారంలోంచే బయటికి తీసుకొచ్చి వాట్ సాకేత్ దగ్గర దహనం చేసేవారట. స్థానికులు ఇప్పటికీ ఈ కొట్టుని ప్రతూ ఫీ ప్యాడ్ థాయ్ అనే పిలుస్తారు. వంటంతా రోడ్డు పక్కనే, క్యూలో నిలబడ్డవాళ్ల కళ్ల ముందే. బొగ్గు మంట మీద ఒకాయన పెద్ద మూకుడులో చాలా ప్లేట్లకి సరిపడా నూడుల్స్ ఒకేసారి కలుపుతుంటాడు, రొయ్యల తలల్లోంచి తీసిన నారింజ రంగు నూనె దాన్లోనే పడుతుంది. పక్కనున్న మనిషి వేడి మూకుట్లో గుడ్డు సొన పోసి ఒక్క తిప్పు తిప్పుతాడు, అది అవతలి వెలుతురు కనిపించేంత పల్చగా పరుచుకుంటుంది, దాని మధ్యలో నూడుల్స్ వేసి నాలుగు వైపులా మడిచి ప్లేటులోకి బోర్లించేస్తాడు. ఇదంతా కొన్ని క్షణాల్లో అయిపోతుంది, ఇంకా ఏం జరిగిందా అని చూసేలోపు తర్వాతి పొర సిద్ధం. క్యూ విసుగనిపించకపోవడానికి సగం కారణం ఈ వినోదమే.

గుడ్డు పొరలో చుట్టింది తీసుకోవాలా, మామూలుదా? ఫోటోలకి చుట్టిందే బాగుంటుంది, మొదటిసారి వెళ్లేవాళ్లంతా అదే అడుగుతారు. నాకు మాత్రం మామూలుదే నచ్చుతుంది. పొర లోపల ఆవిరి చిక్కుకుని నూడుల్స్ ఇంకాస్త మెత్తబడతాయి, పైగా ఈ కొట్టు రుచి ముందే తీపి వైపు మొగ్గుతుంది, మెత్తదనం, తీపి రెండూ కలిస్తే సగం ప్లేటు అయ్యేసరికి మొహం మొత్తుతుంది. ఇద్దరు వెళ్తే చెరొకటి చెప్పి పంచుకోండి, గొడవ ఉండదు. ధర బండి మీద దొరికేదానికి దాదాపు రెట్టింపు నుంచి మొదలవుతుంది, పెద్ద రొయ్యలు వేస్తే ఇంకా పైకి. గుజ్జుతో సహా సీసాలో ఇచ్చే నారింజ రసం కూడా ఇక్కడ చాలా ఫేమస్, కానీ దాని ధర చూసి కళ్లు తేలేయకండి, ఒక్కోసారి నూడుల్స్ ప్లేటుతో పోటీ పడుతుంది. ఇంటిల్లిపాదీ వెళ్తే ఒక సీసా తీసుకుని రుచి చూస్తే చాలు.

క్యూ సంగతి చెప్పాలంటే, సాయంత్రం భోజనాల వేళ దాటేదాకా పొడుగ్గానే ఉంటుంది, కానీ చకచకా కదులుతుంది, అలసిపోయేంత కాదు. పాత బ్లాగుల్లో రాసిన వేళల్ని నమ్ముకుని వెళ్లకండి, తెరిచే సమయం, సెలవు రోజు మధ్యలో మారుతూ వచ్చాయి, బయల్దేరే ముందు ఫోన్‌లో మ్యాప్ తెరిచి చూసుకోండి. వెళ్లడానికి మెట్రో బ్లూ లైన్‌లో సామ్ యోట్ స్టేషన్ దిగి నడవొచ్చు, లేదా సేన్ సేప్ కాలువ పడవెక్కి చివరి రేవు ఫాన్ ఫా దగ్గర దిగితే ఇంకా దగ్గర. పడవ సరదాగా ఉంటుంది గానీ రాత్రి తిరిగి రావడానికి దాన్ని నమ్ముకోవద్దు.

అదే వరసలో, నాలుగడుగుల దూరంలో, లుంగ్ ఫా అనే ఇంకో ప్యాడ్ థాయ్ కొట్టుంది. థిప్‌సమాయ్ క్యూ చూసి ఓపిక చచ్చినవాళ్లు ఇందులోకి తిరుగుతారు, అందుకని దీన్ని రెండో రకం అనుకోవడం అన్యాయం. ఆ గుడ్డు పొర ఇక్కడా దొరుకుతుంది, మంట ఇక్కడా ఉంది, కూర్చోవడానికి చోటు త్వరగా దొరుకుతుంది. చిన్నపిల్లలు ఆకలికి ఏడుస్తుంటేనో, కాళ్లు నొప్పులంటూ అత్తగారు మొహం మాడ్చుకుంటేనో మారు మాట్లాడకుండా ఇక్కడికి వచ్చేయండి. పేరు కోసం నిలబడ్డ తేడా నాలుకకి పెద్దగా తెలియదు. ఇదే రోడ్డులో జే ఫాయ్ కూడా ఉంది, మంచి తిండి పెట్టే చోట్లకి స్టార్లిచ్చే, 2017 చివర్లో విడుదలైన మొదటి బ్యాంకాక్ మిషెలిన్ గైడ్‌లోనే స్టార్ తెచ్చుకున్న పీతల ఆమ్లెట్ కొట్టు. అక్కడ తినడం పూటంతా పట్టే పని, ధరలు కూడా వేరే లోకంవి, కాబట్టి ఒకే సాయంత్రంలో రెండూ కొట్టేద్దామని ప్లాన్ వేయకండి, రెండూ చెడతాయి.

తీపి ఎక్కువైతే పడదు, పొగ వాసన ఇష్టం అనేవాళ్లకి నేను డిన్సో రోడ్డులోని ఫాయ్ తా లు చెప్తాను. డెమోక్రసీ మాన్యుమెంట్ దగ్గర. అమెరికాలో రెస్టారెంట్లు నడిపిన ఆండీ యాంగ్ అనే షెఫ్ పెట్టిన చిన్న కొట్టు, మిషెలిన్ వాళ్ల బిబ్ గూర్మాండ్ జాబితాలో కనిపించింది (స్టార్ వేరు, ఇది వేరు, అందుబాటు ధరలో మంచి తిండి అని ఇచ్చే గుర్తింపు). పెద్ద మంట మీద మూకుడు ఎగరేస్తూ చేస్తారు, అంచులు కాస్త మాడిన నూడుల్ నోటికి తగులుతుంది. చైనీస్ బండి దగ్గర ఫ్రైడ్ రైస్‌లో ఆ మాడు వాసన కోసమే వెళ్లేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు, వాళ్లకి థిప్‌సమాయ్ కన్నా ఇదే ఎక్కువ నచ్చుతుందని నా నమ్మకం.

ఏసీ, కుర్చీ, శుభ్రమైన బాత్రూమ్ కావాలంటే చారోయెన్ క్రుంగ్ రోడ్డు 44వ సందులో బాన్ ప్యాడ్ థాయ్ ఉంది, సఫాన్ తాక్సిన్ బీటీఎస్ (స్కైట్రైన్) స్టేషన్‌కి దగ్గర. నీలం రంగు వేసిన పాత ఇల్లు, లోపల పాతకాలం సామాన్లతో ముచ్చటగా అలంకరించారు. ఇదీ బిబ్ గూర్మాండ్‌లో వచ్చిందే. ఇక్కడి ప్రత్యేకం పీత మాంసం వేసిన ప్యాడ్ థాయ్. బండి ధరకి మూడు నాలుగు రెట్లు పెట్టాలి, మరి ఆ డబ్బులో కొంత పీతకి, కొంత ఏసీకి. తల్లిదండ్రులతో వెళ్లినప్పుడు, పెళ్లిరోజు లాంటి సందర్భాల్లో, ఎండకి ఒళ్లు మాడిపోయిన మధ్యాహ్నం అయితే సరైన చోటు. వీధి వంట చూడాలని వెళ్లేవాళ్లు మాత్రం నిరాశపడతారు.

చాలామందికి తట్టని దారి ఇంకొకటుంది: హాయ్ తోడ్ కొట్లు. ఆల్చిప్పల మాంసం వేసి పిండితో కరకరలాడేలా పెద్ద చదును పెనం మీద చేసే ఆమ్లెట్ అది. ఆ పని చేసేవాళ్లు అదే పెనం మీద ప్యాడ్ థాయ్ కూడా చేస్తుంటారు, పెనం ఎప్పుడూ కాలుతూ ఉంటుంది కాబట్టి నూడుల్స్ పొడిపొడిగా వస్తాయి. థాంగ్ లో బీటీఎస్ దిగి ఆ వీధిలోకి కాస్త నడిస్తే హాయ్ తోడ్ చావ్ లే అని ఒకటుంది, సుఖుమ్‌విత్ వైపు హోటల్ తీసుకున్నవాళ్లు పాత నగరం దాకా పడుతూ లేస్తూ పోనక్కర్లేదు, అక్కడే రెండు రకాలూ రుచి చూడొచ్చు. మన హోటళ్లు ఎక్కువగా ఆ సుఖుమ్‌విత్, నానా చుట్టుపక్కలే బుక్ అవుతాయి కాబట్టి చెప్తున్నా.

ఖావోసాన్ రోడ్డు బండ్లు? చవక, అర్ధరాత్రి దాకా దొరుకుతాయి, రంగు లైట్ల కింద నిలబడి తినడం సరదా. అంతకుమించి ఆశించకండి. అక్కడ ఒక బండి దగ్గర ముందే వేయించి గుట్టగా పోసిన నూడుల్స్‌లో నా ఎదురుగానే కాస్త సాస్ చల్లి వేడి చేసి ఇచ్చారు, చింతపండు జాడే లేదు, చక్కెర ఒక్కటే. బండి మీద తినాలనే కోరికుంటే ఆఫీసుల సందుల్లో, సాయంత్రం మార్కెట్లలో చూడండి, 50 నుంచి 80 బాత్‌లో వచ్చేస్తుంది. గుట్ట ఉందా లేదా అనేదే గుర్తు. ఆర్డర్ చెప్పాక ఎండు నూడుల్స్ తీసి మూకుట్లో వేస్తున్నారంటే నిలబడండి, ముందే చేసి పెట్టిన గుట్టలోంచి తవ్వుతుంటే ముందుకి నడవండి. థిప్‌సమాయ్‌లో కూడా ఒకేసారి ఎక్కువ కలుపుతారు కదా అంటారేమో, అక్కడ అది చల్లారే లోపే అయిపోతుంది, అదీ తేడా.

థిప్‌సమాయ్ శాఖలు ఐకాన్ సయాం, సయాం పారగాన్ మాల్స్‌లో ఉన్నాయి. షాపింగ్ మధ్యలో తినడానికి సౌకర్యమే, రుచి కూడా ఫర్వాలేదు, కాకపోతే రోడ్డు పక్క మంటల సందడి లేనప్పుడు దానికోసం ప్రత్యేకంగా వెళ్లే అర్థం లేదు.

ఇప్పుడు శాకాహారుల మాట. ఇక్కడ మొహమాటం పనికిరాదు. నో మీట్ అంటే చాలామంది కొట్టువాళ్లు చికెన్, రొయ్యలు తీసేసి ఇస్తారు, ఫిష్ సాస్, ఎండు రొయ్యలు మాత్రం అలాగే ఉంటాయి, ఎందుకంటే వాళ్ల లెక్కలో అవి మాంసం కాదు, దినుసులు. సాస్ ముందే కలిపి పెట్టుకునే కొట్లలో, రొయ్యల నూనె పోసే కొట్లలో వాటిని తీసేయడం కుదరని పని. కాబట్టి పైన చెప్పిన పేరున్న కొట్లు వేటికీ శుద్ధ శాకాహారుల్ని తీసుకెళ్లకండి, తీసుకెళ్లి టోఫూ చూపించి సర్దిచెప్పకండి. వాళ్లకి కావలసిన మాట "జే". పసుపు జెండా మీద ఎర్ర అక్షరం కనిపించిన చోట మాంసం, చేప, గుడ్డు, పాలు ఏవీ ఉండవు, ఉల్లి వెల్లుల్లి కూడా వేయరు, అంటే మడి కట్టుకునే పెద్దవాళ్లకీ ఇబ్బంది లేదు. గుడ్డు తినేవాళ్లయితే "మాంగ్‌సవిరత్" అని అడగొచ్చు. ఒక్కో ప్లేటు విడిగా చేసే బండి దగ్గరయితే "మై సై నామ్ ప్లా, మై సై గుంగ్ హేంగ్" అని చెప్పి చూడండి, ఫిష్ సాస్ వద్దు, ఎండు రొయ్యలు వద్దు అని. సోయా సాస్ వేసి చేసిస్తారు, కానీ మూకుడు అదే, గరిటె అదే, దానికి మనసు ఒప్పితేనే.

చైనా పంచాంగం తొమ్మిదో నెలలో తొమ్మిది రోజులు జే పండుగ వస్తుంది, సెప్టెంబర్ చివర్లోనో అక్టోబర్‌లోనో, చాలా ఏళ్లు మన దసరా నవరాత్రుల రోజులతోనే కలుస్తుంది. దసరా సెలవుల్లో వెళ్లే శాకాహారులకి అంతకన్నా మంచి అదృష్టం ఉండదు, చైనాటౌన్ యావరాత్ రోడ్డంతా పసుపు జెండాలే, మామూలప్పుడు వెతుక్కోవాల్సిన జే నూడుల్స్ అప్పుడు అడుగడుగునా కనిపిస్తాయి. వేరుశనగ అలర్జీ ఉన్నవాళ్లకి మాత్రం ఏ రోజయినా జాగ్రత్త తప్పదు, పప్పు పైన చల్లడం మానినా మూకుట్లో అంటుకునే ఉంటుంది.

కారం గురించి ఒక మాట. ప్యాడ్ థాయ్ అసలు కారంగా చేయరు, థాయ్ వంటంటే కళ్లలో నీళ్లు తిరగాలనుకుని వెళ్తే చప్పగా అనిపిస్తుంది. టేబుల్ మీద ఎండుమిరప గింజలతో దంచిన పొడి ఉంటుంది, లేకపోతే "ఫ్రిక్ పోన్" అని అడగండి. ముందు ఏమీ కలపకుండా ఒక ముద్ద తినండి, తర్వాత నిమ్మ పిండి, ఆ తర్వాత కారం. మనవాళ్లు ప్లేటు రాగానే కారం గుమ్మరించి చింతపండు రుచి తెలియకుండానే లేచిపోతారు. పక్కన చక్కెర కూడా పెడతారు, దాని జోలికి వెళ్లే పని మనకి రాదు.

బ్యాంకాక్ దాటే ఆలోచన ఉంటే చాంతబురిలో ఆ ఊరి నూడుల్స్‌తోనే పీతలు వేసి చేసే సెన్ చాన్ ఫాత్ పూ తినాలి, రంగు ముదురు ఎరుపు, ప్యాడ్ థాయ్ కన్నా కారం, ఘాటు ఎక్కువ, గోదావరి, కృష్ణా జిల్లాల పీతల ప్రియులు దీన్నే ముందు ఎంచుకుంటారు. ఈశాన్యం వైపు నఖోన్ రాచసిమా వెళ్తే ఫాత్ మీ కొరాత్ ఉంది, పులిసిన సోయా ముద్ద వేసి చేస్తారు, పక్కన బొప్పాయి సలాడ్ సోమ్ తమ్ పెట్టుకుని తింటారు. ఆ రెండూ కలిపి తింటే ప్యాడ్ థాయ్ మీద బెంగ ఉండదు.

విమానం ఎక్కే పని లేనివాళ్లకి, హైదరాబాద్‌లో అయినా డల్లాస్‌లో అయినా, ఒక చిట్కా పనికొస్తుంది. థాయ్‌లాండ్ వాణిజ్య శాఖ విదేశాల్లోని థాయ్ రెస్టారెంట్లకి థాయ్ సెలెక్ట్ అనే గుర్తింపు ఇస్తుంది, ఆ బోర్డు ఉంటే కనీసం వంట పద్ధతి గాడి తప్పలేదని అనుకోవచ్చు. లేకపోయినా ఫోన్ చేసి ప్యాడ్ థాయ్ సాస్‌లో చింతపండు వేస్తారా అని అడగండి, ఠక్కున అవునంటే వెళ్లండి, కనుక్కుని చెప్తామంటే ఫ్రైడ్ రైస్ చెప్పుకోండి. అమెరికాలో కారం ఒకటి నుంచి అయిదు దాకా అంకెల్లో అడుగుతారు, మనవాళ్లు పౌరుషానికి పోయి అయిదు చెప్తారు, ప్యాడ్ థాయ్‌కి రెండు దాటితే చింతపండు, బెల్లం రెండూ కారంలో మునిగిపోతాయి. ఆ అయిదేదో గ్రీన్ కర్రీకి దాచుకోండి.